కదలని బండికి ఏ చార్జర్ కొనాలి?

ఆఫీసుకు మెట్రో, లేదంటే కంపెనీ క్యాబ్. ఇంటి నుంచే పనైతే ఆ ప్రయాణమూ లేదు. కారు మాత్రం సెల్లార్‌లో కవరు కప్పుకుని ఉంటుంది. మూడు వారాల తర్వాత ఏ పెళ్ళికో ఆస్పత్రికో బయల్దేరి తాళం తిప్పితే టకటకమని చప్పుడే గాని సెల్ఫ్ తీసుకోదు. మెకానిక్ వచ్చి చూసి "బ్యాటరీ పోయింది సార్, మార్చేయాలి" అంటాడు. చిన్న కారుకైనా నాలుగైదు వేలు పెట్టాలి. ఏడాదిన్నర తిరక్కుండా మళ్ళీ అదే పరిస్థితి. జీతం మీద ఇల్లు నడిపేవాళ్ళకు ఇది పోనవసరం లేని డబ్బు. ఇలా మార్చేసే బ్యాటరీల్లో చాలావాటికి వయసు మీరలేదు. వాడక లేక, చార్జింగ్ అందక పాడయ్యాయి.

సరైన చార్జర్ ఒకటి ఇంట్లో ఉంటే ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది. షాపులో అడిగితే ముందు ఆంపియర్ల గురించే చెబుతారు: పది ఆంపియర్లది తీసుకోండి, త్వరగా ఎక్కుతుంది అని. రోజూ రోడ్డు మీద ఉండే టాక్సీకి ఆ మాట సరిపోవచ్చు. నెలకు రెండుసార్లు కదిలే బండికి తొందరేముంది? నిండగానే తనంతట తాను తగ్గి, వారాల తరబడి తగిలించి వదిలేసినా బ్యాటరీని ఉడికించని చార్జర్ దానికి కావాలి. కొనేటప్పుడు అది ఎక్కడ ఆగుతుందో చూడండి. వేగం సంగతి ఆ తర్వాత.

నిలబడి ఉన్న బండిలో చార్జి ఎక్కడికి పోతుందో ముందు తెలుసుకోవాలి. తాళం తీసేసినా కారు మొత్తంగా ఆగిపోదు. రిమోట్ కోసం కాచుకుని ఉండే సెంట్రల్ లాకు, సెక్యూరిటీ అలారం, గడియారం, ఇంజిన్ కంప్యూటరు మెమరీ, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటాయి. ఏ లోపమూ లేని ఇప్పటి కారులో ఈ వాడకం 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల మధ్య ఉండటం మామూలే. వినడానికి చిన్న అంకె. కానీ 40 మిల్లీఆంపియర్లను 24 గంటలతో గుణిస్తే రోజుకు దాదాపు 1 ఆంపియర్ అవర్ (ఏహెచ్) అవుతుంది. చిన్న కార్లలో 35 ఏహెచ్ బ్యాటరీలు ఎక్కువ. అంటే పదిహేడు పద్దెనిమిది రోజుల్లో సగం ఖాళీ. బయట బిగించుకున్న జీపీఎస్ ట్రాకర్, డ్యాష్‌క్యామ్ ఉంటే ఇంకా ముందే. దీనికి తోడు మన ఎండలు. ఏ వైరూ తగిలించకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీ తనంతట తానే నెలకు కొంత చార్జి పోగొట్టుకుంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ నష్టం రమారమి రెట్టింపు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఆరుబయట నిలిపిన బండి బ్యాటరీ డిసెంబరులో కన్నా ఎంత త్వరగా దిగిపోతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బ్యాటరీ ఒకసారి ఖాళీ అయితే అంత నష్టం లేదు. ఖాళీగా ఉండిపోతేనే నష్టం. కరెంటు ఇచ్చేటప్పుడు లోపలి సీసపు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. త్వరలో మళ్ళీ చార్జి చేస్తే అది తిరిగి కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా బిగుసుకుంటుంది. బిగుసుకున్న చోట ప్లేటు ఇక పనిచేయదు. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేసిన తొలి లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి ఇవాళ తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టి పెరిగిన అమరరాజా కంపెనీ అమరాన్ల దాకా లోపలి రసాయనం ఇదే. పైగా కారు బ్యాటరీ ప్లేట్లు పల్చగా ఉంటాయి. సెల్ఫ్ మోటారుకు రెండు మూడు సెకన్లపాటు వందకు పైగా ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వడానికి అవి తయారయ్యాయి. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టే ట్యూబులర్ బ్యాటరీలా అడుగంటా వాడుకుంటే తట్టుకోలేవు. వారంటీ ఉంది కదా అనుకోవద్దు. చార్జి దిగిపోయిన బ్యాటరీని తీసుకెళ్తే చాలాసార్లు చార్జి చేసి మళ్ళీ మన చేతికే ఇస్తారు. వారంటీ తయారీ లోపానికి.

చాలామంది చేసే పని ఒకటుంది. వాచ్‌మన్‌కు తాళం ఇచ్చి రెండు రోజులకోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమంటారు. దీనివల్ల మేలు చాలా తక్కువ. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరుగుతుంది, తక్కువ కరెంటు ఇస్తుంది. అందులో కొంత ఇంజిన్ నడవడానికే పోతుంది. ఏసీ, లైట్లు వేస్తే మిగిలేది ఇంకా తగ్గుతుంది. ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ఆయిల్లో తేమ చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మూసి ఉన్న సెల్లార్‌లో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఆ పని వాచ్‌మన్ చేత చేయించకండి, ఆయన కుటుంబం చాలా చోట్ల ఆ సెల్లార్‌లోనే ఉంటుంది. బండి నడపదలిస్తే రోడ్డెక్కించండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి వారమంతా తిరిగే మనిషి ఆదివారం చిలుకూరు దాకా వెళ్ళొస్తే, బ్యాటరీ బాగున్నంతకాలం ఆ కారుకు చార్జర్ అవసరమే రాదు.

మీకు చార్జర్ కావాలో వద్దో తేల్చేది మల్టీమీటర్. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. చార్జర్ కన్నా ముందు అది కొనండి. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, తెల్లవారి స్టార్ట్ చేయకముందు డీసీ వోల్టుల మీద పెట్టి ఎర్ర పిన్ను ప్లస్‌కు, నల్ల పిన్ను మైనస్‌కు ఆనించండి. మామూలు బ్యాటరీలో 12.6 లేదా 12.7 కనిపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. 12 దగ్గరికి వచ్చిందంటే పావు వంతే మిగిలింది, ఆ రోజే చార్జింగ్ పెట్టాలి. బ్యాటరీ మీద పచ్చగా కనిపించే గాజు కన్నును పూర్తిగా నమ్మకండి. ఉన్న ఆరు సెల్స్‌లో అది ఒక్క సెల్ సంగతే చెబుతుంది.

ఒక్క వారం ఓపిక పడితే మీ బండి సొంత లెక్క తెలిసిపోతుంది. బ్యాటరీని నిండా చార్జి చేయించి, మర్నాడు వోల్టేజీ రాసుకోండి. వారం పాటు కారు ముట్టకుండా ఉంచి మళ్ళీ చూడండి. 12.65 నుంచి 12.4కు దిగిందనుకుందాం. 35 ఏహెచ్‌లో పావు వంతు, అంటే తొమ్మిది ఏహెచ్ దాకా వారంలో పోయింది. రోజుకు 1.25 చొప్పున ఇది 50 మిల్లీఆంపియర్ల వాడకం. ఇంతవరకు సహజమే అనుకోవచ్చు. వారంలోనే 12.2 కన్నా కిందికి పోతే చార్జర్ కొనే ముందు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళండి. డిక్కీ లైటు ఆరకపోవడమో, స్టీరియో వైరు తప్పుగా కలపడమో ఏదో ఒకటి ఉంటుంది. ఆ లోపాన్ని చార్జర్ కప్పిపుచ్చుతుందే గాని పోగొట్టదు.

ఇక చార్జర్ల సంగతి. బ్యాటరీ షాపుల్లో, పాత మెకానిక్ షెడ్డుల్లో కనిపించే ఇనుప డబ్బా చార్జర్ ఉంది కదా, లోపల ట్రాన్స్‌ఫార్మర్, పైన ముల్లు మీటరు ఉండేది. అలాంటివాటిలో చాలావాటికి ఆగడం తెలీదు. బ్యాటరీ నిండినా కరెంటు తోస్తూనే ఉంటుంది. లోపలి నీళ్ళు విడిపోయి తగ్గిపోతాయి, హైడ్రోజన్ వాయువు వస్తుంది, ప్లేట్లు పాడవుతాయి. మనిషి పక్కనుండి గంటలు చూసుకుంటూ తీసేసే పనైతే అది పర్వాలేదు. రాత్రి తగిలించి నిద్రపోయే ఇంటికి అది వద్దు. చవకగా దొరికితే కూడా వద్దనే నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, కారు బ్యాటరీని దానికే తగిలిద్దామనే ఆలోచన కూడా మానుకోవాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ కోసం చేసిన ఇన్వర్టర్ పది పదిహేను ఆంపియర్లు పంపగలదు. 35 ఏహెచ్ బ్యాటరీకి అది మోతాదు మించిన కరెంటు. పవర్‌బ్యాంకులా ఉండే జంప్ స్టార్టర్ వేరే వస్తువు. ఆ పూటకు ఇంజిన్ స్టార్ట్ చేయిస్తుంది, బ్యాటరీని నింపదు. జంప్ ఇచ్చి స్టార్టయిన బండిలో ఇరవై నిమిషాలు తిరిగొచ్చి బ్యాటరీ నిండిందనుకోవడం కూడా పొరపాటే. దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి ఇరవై శాతాన్ని చాలా నెమ్మదిగా పుచ్చుకుంటుంది. దానికి గంటలు కావాలి.

కొనాల్సింది స్మార్ట్ చార్జర్ అని, ఆటోమేటిక్ చార్జర్ అని అమ్మేది. బాష్, సీటెక్, నోకో లాంటి పేర్లతో, మన దేశపు కంపెనీల పేర్లతో కూడా దొరుకుతాయి. ఇది మొదట స్థిరమైన కరెంటుతో నింపుతుంది. వోల్టేజీ 14.4 దగ్గరికి చేరాక అక్కడే నిలిపి కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. నిండాక 13.2 నుంచి 13.8 మధ్యకు దిగి, బ్యాటరీ పోగొట్టుకున్నంత మాత్రమే ఇస్తూ ఉంటుంది. ఈ చివరి దశను ఫ్లోట్ అంటారు, కొన్ని డబ్బాల మీద మెయింటెనెన్స్ అని రాసి ఉంటుంది. డబ్బా మీద ఆ మాట లేకపోతే కొనకండి. ట్రికిల్ అని మాత్రమే ఉంటే నిండాక ఎన్ని వోల్టుల దగ్గర నిలుస్తుందో మాన్యువల్‌లో చూడండి. ఆ అంకె రాసి లేని చార్జర్‌ను తగిలించి ఊరెళ్ళడం మంచిది కాదు.

ఆంపియర్ల విషయంలో పాత లెక్కే ఇప్పటికీ మంచి లెక్క: బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు. 35 ఏహెచ్‌కు మూడున్నర, 65 ఏహెచ్ డీజిల్ ఎస్‌యూవీకి ఆరున్నర. సగం దిగిన 35 ఏహెచ్ బ్యాటరీని నాలుగు ఆంపియర్ల చార్జర్ ఒక రాత్రిలో నింపేస్తుంది. ఎప్పుడూ తగిలించి ఉంచే వీలుంటే ఒక్క ఆంపియర్ చాలు, ధర కూడా తగ్గుతుంది. ఒక్క ఆంపియర్ చార్జర్ ఖాళీ బ్యాటరీని నింపడానికి ఒకటిన్నర రెండు రోజులు తీసుకుంటుంది. అయినా నష్టం లేదు, బండికి పనేమీ లేదు కదా. కరెంటు బిల్లు గురించి భయం వద్దు. సగం బ్యాటరీ నింపడానికి అర యూనిట్ కూడా పట్టదు.

మన ఊళ్ళల్లో ముఖ్యంగా చూడాల్సిన లక్షణం ఒకటుంది, అమ్మేవాళ్ళు దాన్ని అరుదుగా చెబుతారు. కరెంటు పోయి మళ్ళీ వచ్చినప్పుడు ఈ చార్జర్ పాత మోడ్‌లో తనంతట తానే మొదలవుతుందా, లేక ఎవరైనా బటన్ నొక్కేదాకా ఊరుకుంటుందా? బటన్‌తో మోడ్ ఎంచుకునే చార్జర్లలో కొన్ని కరెంటు పోతే స్టాండ్‌బైకి వెళ్ళిపోతాయి. నెల రోజులు ఊరెళ్ళేవాళ్ళకు అలాంటిది పనికిరాదు. షాపులోనే బ్యాటరీకి తగిలించి, స్విచ్ ఆపి మళ్ళీ వేసి చూపించమనండి.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యను, మేనకోడలిని చార్జర్ తెమ్మనే ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. చార్జర్ అడుగున 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటేనే ఇక్కడ వాడాలి. 120 అని మాత్రమే ఉంటే ప్లగ్ అడాప్టర్ మార్చినా లాభం లేదు, పెట్టగానే కాలిపోతుంది.

వేడి చోట మరో జాగ్రత్త ఉంది. చార్జింగ్ వోల్టేజీలను సాధారణంగా 25 డిగ్రీలకు లెక్కగడతారు. బ్యాటరీ 40 డిగ్రీల్లో ఉంటే ఆ వోల్టేజీని పావు వోల్టు మేర తగ్గించాలి. టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉన్న చార్జర్ ఆ పని తనే చేసుకుంటుంది. అది లేకపోతే ఎండాకాలంలో నెలల తరబడి తగిలించి ఉంచకుండా, పదిహేను రోజులకోసారి ఒక రాత్రి పెట్టి తీసేయడం మేలు. నిజానికి చాలామంది ఉద్యోగులకు ఈ పదిహేను రోజుల పద్ధతే సరిపోతుంది. జీతం పడిన రోజు, నెల మధ్యలో ఒక రోజు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

బ్యాటరీ రకం కూడా చూడాలి. స్టార్ట్ స్టాప్ ఉన్న కార్లలో ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం అని రాసిన బ్యాటరీ ఉంటుంది. చార్జర్ మీద ఆ పేరు, ఆ మోడ్ ఉండాలి. ఈ కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉండొచ్చు. అప్పుడు చార్జర్ నల్ల క్లిప్పును టెర్మినల్‌కు కాకుండా మాన్యువల్‌లో చూపించిన బాడీ పాయింటుకు పెట్టాలి, లేకపోతే ఎంత చార్జి ఎక్కిందో కారుకు తెలియదు. లిథియం బ్యాటరీ బిగించుకున్న బైకులకు లిథియం మోడ్ ఉన్న చార్జర్ తప్ప మరొకటి వాడకూడదు. రిపేర్, రీకండిషన్ అనే బటన్ ఉంటే అది వోల్టేజీని 15, 16 దాకా పెంచుతుంది. బ్యాటరీ కారుకు కలిపి ఉండగా దాన్ని నొక్కకండి.

ఇంత చూసి కొన్నాక అసలు అడ్డంకి ప్లగ్ పాయింట్. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో చాలా చోట్ల అది ఉండదు, ఉన్నా కామన్ మీటరుది. అసోసియేషన్‌ను అడిగి మీ మీటరు నుంచి లైను వేయించుకోవడం సరైన దారి. మూడో అంతస్తు బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీయడం, వాననీళ్ళు చేరే సెల్లార్ నేల మీద జంక్షన్ బాక్స్ పెట్టడం ప్రాణాలతో చెలగాటం. చార్జర్ మీద ఐపీ65 అని ఉంటే దుమ్ముకూ నీటి తుంపర్లకూ తట్టుకుంటుంది, కానీ ఆ రక్షణ చార్జర్‌కే, ప్లగ్గుకు కాదు. పాయింట్ ఉన్నవాళ్ళు చార్జర్‌తో వచ్చే రింగుల వైరును బ్యాటరీకి శాశ్వతంగా బిగించుకోవచ్చు. ఫ్యూజు ఉన్నదే వాడాలి. ప్రతిసారీ క్లిప్పులతో పని లేకుండా ఒక్క సాకెట్ కలిపితే సరిపోతుంది.

పాయింట్ దొరకనివాళ్ళకు రెండు దారులు. చిన్న కారు బ్యాటరీ దాదాపు పది కిలోలు ఉంటుంది, విప్పి పైకి తెచ్చి గాలి ఆడే బాల్కనీలో చార్జి చేసుకోవచ్చు. లేదంటే మైనస్ టెర్మినల్ విప్పి ఉంచడం. చాలా కార్లకు 10 నంబరు పానా చాలు. కారు లాగే కరెంటు మొత్తం ఆగిపోతుంది, బ్యాటరీ సొంత నష్టం మాత్రమే మిగులుతుంది. గడియారం, స్టీరియో సెట్టింగులు పోతాయి. రిమోట్ పనిచేయదు కాబట్టి తలుపు తాళంతోనే వేయాలి. కొన్ని కార్లలో స్టీరియోకు కోడ్ అడుగుతుంది, విప్పే ముందు అది దగ్గర పెట్టుకోండి. గల్ఫ్‌లో పని చేస్తూ ఏడాదికోసారి జగిత్యాల, కరీంనగర్ వైపు ఇంటికొచ్చేవాళ్ళకు చార్జర్ కన్నా ఇదే మంచి దారి. రెండు నెలలకోసారి ఇంట్లోవాళ్ళు బ్యాటరీని షాపులో ఇచ్చి స్లో చార్జింగ్ పెట్టిస్తే సరి. డ్యాష్‌బోర్డు మీద పెట్టే సోలార్ పలక సెల్లార్‌లో దండగ. ఆరుబయట కూడా దాన్ని సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలిస్తే తాళం తీయగానే ఆ సాకెట్ ఆగిపోయే కార్లే ఎక్కువ. కంట్రోలర్ ద్వారా నేరుగా బ్యాటరీకి కలిపితేనే పని.

తగిలించే వరస ఒకటి అలవాటు చేసుకోండి. గోడ స్విచ్ ఆపి ఉండగానే ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, తర్వాత నల్లది మైనస్‌కు లేదా బాడీకి, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. చార్జి అవుతున్న బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చినా, బ్యాటరీ పక్కలు ఉబ్బినా వెంటనే ఆపేసి దూరం జరగండి. నీళ్ళు పోసే రకమైతే చార్జింగ్ అయ్యాకే గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్ళు పనికిరావు. విశాఖలాంటి ఉప్పుగాలి చోట టెర్మినళ్ళ మీద పేరుకునే తెల్లటి పొడిని వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక వాసెలిన్ రాయండి.

స్కూటర్లకు, బైకులకు ఇదే చార్జర్ వాడతామంటే బైక్ మోడ్ ఉందో లేదో చూసుకోవాలి. 4 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియర్ చాలు, నాలుగు ఆంపియర్లు పంపితే చెడిపోతుంది. సీజన్ల మధ్య నిలిచిపోయే ట్రాక్టరు బ్యాటరీ పెద్దది కాబట్టి ఏడెనిమిది ఆంపియర్లది కావాలి. లేదా కొద్ది ఖర్చుతో బ్యాటరీ కటాఫ్ స్విచ్ బిగించుకోవచ్చు.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్ళు తమకీ గొడవ లేదనుకుంటారు. దాంట్లోనూ తాళాలకు, కంప్యూటర్లకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు తెరుచుకోకపోవచ్చు. నిలిపి ఉంచినప్పుడు పెద్దది చిన్నదాన్ని నింపుతుందా, బయటి చార్జర్ తగిలించవచ్చా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. మాన్యువల్‌లో 12 వోల్టుల బ్యాటరీ పేజీ చదివి, అనుమానం ఉంటే సర్వీస్ సెంటర్‌లో అడిగాకే డబ్బు పెట్టండి. మీ బ్యాటరీ ఇప్పటికే నాలుగేళ్ళు దాటి ఉంటే, అది ఏ రకం బండిదైనా, ముందు షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. టెస్టులో నిలబడకపోతే కొత్త బ్యాటరీ, చార్జర్ ఒకేసారి కొని, మొదటి రోజు నుంచే పదిహేను రోజుల పద్ధతి మొదలుపెట్టండి.